బూరుగుదూది సీటు

హిందూపురం
18 నవంబరు 2024, సోమవారం

చిరంజీవి ఆరిఫాకు అవ్వ దువాలు.

నీ ప్రయాణానికి నేను అడ్డుపడుతున్నానని రాశావు. తప్పు. నేను అడ్డుపడింది నా బియ్యం చేటలో నీ నట్లూ బోల్టులూ కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టడానికి. ప్రయాణం వేరు, చేట వేరు. గుజరాత్ కొసన ఉన్న ఉప్పు ఎడారి దాకా మోటారు సైకిలు మీద పోయొస్తానని నువ్వు చెప్పిన రోజు మీ అమ్మ కళ్ళు తుడుచుకుంది. మీ నాయన కుడుతున్న పరుపు మీంచి తల ఎత్తలేదు. ఆ పక్క ఖర్జూరం బాగుంటుందంట, వచ్చేటప్పుడు తీసుకురమ్మని చెప్పింది నేనొక్కదాన్నే. అడ్డుపడేవాళ్ళు సరుకులు తెమ్మని చెప్పరు.

ఇంత కాగితం ఎందుకు, ఫోను చెయ్యొచ్చు కదా అని కూడా అన్నావు. చెవి మిషను పెట్టుకుని ఫోను ఎత్తితే నాకు వినిపించేది నీ గొంతు కాదు, ఎక్కడో పకోడీలు వేగుతున్న చప్పుడు. ఇక నువ్వు పంపే మెసేజీలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. తెలుగు పంతులమ్మగా రిటైరైనదాన్ని, ఆ అవమానం నేను పడలేను. ఎదురింటి రోజా రోజూ రైల్లో ధర్మవరం బడికి పాఠాలు చెప్పడానికి పోయి వస్తోంది. ఆమె సంచిలో టిఫిను డబ్బా పక్కన నా ఉత్తరానికి చోటుంది. మీ అమ్మ పరిగిలో మీ చిన్నమ్మ కాన్పు చూసుకుంటూ ఉండిపోయింది. మీ నాయన నీతో ఫోనులో మాట్లాడేది రెండే ముక్కలు, తిన్నావా, ఉంటాను. కాబట్టి ఇంటి కబురైనా బండి కబురైనా ప్రస్తుతం నేనే నీకు ఆధారం.

బండి మన పరుపుల అంగడి వెనక రేకుల కింద నిలబడి ఉంది. దాన్ని నిన్ననే దగ్గరనుంచి చూశాను. రోడ్డు ఉన్నా పోతుంది, లేకపోయినా పోతుంది అన్నావు. నాకు మాత్రం ఎగరడానికి కాళ్ళు ముడుచుకున్న మిడతలా కనిపించింది. ముందు చక్రానికీ దానిపైన రేకుకూ మధ్య కోడి గుడ్లు పెట్టి పొదగొచ్చు. మెకానిక్ ఆంజనప్ప వచ్చి గుబ్బల టైర్లు వేశాడు, ఇంజను కింద రాళ్ళు తగలకుండా ఇనప పలక బిగించాడు. క్లచ్ తీగ దారిలో తెగితే కష్టమని పక్కనే ఇంకో తీగ ముందుగానే కట్టి పెట్టాడు. ఇది నాకు నచ్చింది. అల్లుళ్ళ విషయంలో కూడా ఇలాంటి ఏర్పాటు ఉంటే చాలా ఇళ్ళు బాగుపడేవి.

ఇక మీ నాయన. కాదని అనడు, సరే అని అనడు. నేను గట్టిగా అడిగితే ఒకే మాట అన్నాడు. "యాడో బురదలో బండి పడతాది. పక్కన మనిషుండడు. ఎవరు లేపుతారు? సామాను కట్టిన బండి నా కండ్ల ముందర తనే లేపి చూపించమను. అప్పుడు చూద్దాం." నేను పెంచిన కొడుకే అయినా, అడిగిన దాంట్లో న్యాయం ఉంది.

నీ సీటు గురించి ఒక చేదు వార్త. సర్దడానికి ఇచ్చావు కదా, అది సీట్లు కుట్టే అంగడి నుంచి ఆంజనప్ప తెచ్చాడు. ఆ సీటు అంగడివాడు నిన్ను మోసం చేశాడు. లోపలి స్పాంజి సగానికి సగం చెక్కి తీసేసుకుని, పైన తోలు మళ్ళీ లాగి కొట్టాడు. ఇప్పుడది సీటు కాదు, మడత పెట్టిన గోనెసంచి. నువ్వు బాధపడొద్దు. తాతల నాటి నుంచి దూది ఏకి పరుపులు కుడుతున్న ఇంట్లో పుట్టావు. నేను చూసుకుంటాను.

దుఃఖించే అవసరం లేదని చెబుతూ,
అవ్వ

ధర్మవరం
21 నవంబరు 2024

అవ్వకు సలాం.

చేట విషయంలో తప్పు నాదే. కొత్తది కొనిస్తాను, పాతది ఆంజనప్పకిచ్చెయ్.

ఇక్కడ పెళ్ళిళ్ళ గిరాకీ. పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చుని చీర అంచులకు నెమళ్ళూ మామిడిపిందెలూ గీస్తున్నాను. నేను గీసింది గీసినట్టు మగ్గం ఎక్కుతోంది. డిసెంబరు ఇరవై ఒకటి దాకా పూర్తి సెలవు ఒక్కటి కూడా లేదన్నారు. బదులుగా జనవరి నెలంతా ఇచ్చారు. ఆ నెల దాటితే మళ్ళీ ఇవ్వరు, ఆ ఎడారిలో ఎండలు కూడా మొదలవుతాయి. కాబట్టి నాయన సరే అనాల్సింది ఈలోపే. నాయన సరే అనకుండా ఎడారికి బండి తియ్యనని నేనే మాటిచ్చాను. మాట ఇచ్చేటప్పుడు చాలా గొప్పగా అనిపించింది. ఇప్పుడు అంతగా అనిపించడం లేదు.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం వదులుతారు. హిందూపురం వచ్చి పోవడానికి ఆ పూట చాలదు, పెనుకొండకు చాలుతుంది. అందుకే సింధూర దగ్గరికి పోతున్నాను. నా వెంట రెండో బండి మీద వచ్చేది ఆమేనని తెలుసు కదా. వాళ్ళ ఇనుప సామాన్ల అంగడి వెనక దిబ్బ మీద ఆమె బండిని కావాలని పడేసి లేపడం నేర్చుకుంటున్నాను. దానికో పద్ధతుందవ్వా. బండికి వీపు తిప్పి, సీటు అంచుకు నడుము ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు వంగి, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, బలం వీపు మీద పెట్టకుండా కాళ్ళతో లేవాలి. మొదటిసారి బండి లేవలేదు, నేనే కూర్చుండిపోయాను. సింధూర నవ్వింది. తర్వాత ఆమె వంతు వచ్చింది, నేను నవ్వాను.

వాళ్ళింట్లో ఇంకో చిక్కు. వాళ్ళ నాయన రామలింగయ్య మామ, పెద్దవాళ్ళెవరైనా వెంట ఉంటేనే పంపుతానంటున్నాడు. ఇద్దరు ఆడపిల్లల వెంట ఎడారికి ఏ పెద్దమనిషి వస్తాడు?

సీటు గురించి అవ్వా, పాపం అతను మోసం చెయ్యలేదు. నేనే చెక్కమన్నాను. బండి ఎత్తు ఎక్కువ, నేను పొట్టి. ఆగినప్పుడు రెండు కాళ్ళూ నేలకు అందాలంటే సీటు పల్చగా ఉండాలి. దాన్ని అలాగే ఉంచు.

నీ మనవరాలు
ఆరిఫా

హిందూపురం
26 నవంబరు 2024

ఆరిఫాకు దువాలు.

మోసపోయినవాళ్ళందరూ మొదట చెప్పేది అదే. నేనే అడిగాను, నేనే ఇమ్మన్నాను, పాపం అతను మంచివాడు. మీ తాత ఒకసారి గుడ్డి ఎద్దును కొనుక్కొచ్చి, దానికి దారి తనే చూపించాలని ఉందని చెప్పాడు. నువ్వు ఆయన మనవరాలివి. డబ్బిచ్చి స్పాంజి తీయించుకునే మనిషి ఉంటుందని నేను నమ్మను. నిన్ను వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు, ఆ విషయం ఇక ఎత్తకు. సీటు సంగతి ముగిసింది.

ఇంకోటి. నువ్వు పొట్టి కాదు. సరిగ్గా నా అంత ఉన్నావు. నేను పొట్టి అని ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు. అనడానికి భయపడ్డారని మీ నాయన అంటాడు, అది వాడి అభిప్రాయం.

నీ సామాన్లకు రెండు సంచులు కుట్టించాను. బండికి అటొకటి, ఇటొకటి వేలాడతాయి. పరుపులకు వాడే చారల గుడ్డ, నీలం, తెలుపు. దూరం నుంచి చూసేవాళ్ళకు ఎవరో రెండు దిండ్లతో ఎడారికి పోతున్నట్టు ఉంటుంది. లోపల ప్లాస్టిక్ పట్ట వేయించాను కాబట్టి తడవవు. స్పేర్ ట్యూబులు, టైరు ఊడదీసే కడ్డీలు, గాలి కొట్టే పంపు కుడివైపు సంచిలో. నీ బట్టలు ఎడమవైపు. బరువు రెండు పక్కలా సరిపోవాలని ఆంజనప్ప త్రాసు తెచ్చి తూచాడు. నీ బట్టలు తక్కువైతే ఎడమవైపు ఒక పుస్తకం పెట్టుకో. నీకు అది కూడా పనికొస్తుంది.

మీ నాయన కబురు ఒకటుంది. అంగడి మూసే ముందు రోజూ రేకుల కిందికి పోయి నీ బండెక్కి కూర్చుంటున్నాడు. అటు కదులుతాడు, ఇటు కదులుతాడు, హ్యాండిలు పట్టుకుని ముందుకు చూస్తాడు, దిగి వచ్చి భోంచేస్తాడు. మొన్న చూస్తే కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నేను ఏమీ అడగలేదు. బండి దగ్గరికి కూడా పోని మనిషి అంత దూరం వచ్చాడంటే మంచిదే అనుకున్నాను.

పొట్టి కాని
మీ అవ్వ

ధర్మవరం
2 డిసెంబరు 2024

అవ్వకు సలాం.

నీ ఉత్తరం చదివినప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు. నాయన రోజూ బండెక్కి కూర్చుని ముందుకు చూస్తున్నాడా? కళ్ళు మూసుకుని? అవ్వా, నాయన నాతో వద్దామనుకుంటున్నాడు. ఇంకేం కాదు. నోరు తెరిచి అడగలేక అలా కూర్చుంటున్నాడు. జనవరిలో పరుపుల గిరాకీ వదిలేసి, నడుం నొప్పి పెట్టుకుని, నా వెనక సీటు మీద ఉప్పు ఎడారికి.

రమ్మని అనలేను. వద్దని ఎలా అనను? చిన్నప్పుడు సైకిలు నేర్పింది నాయనే. సీటు వెనక పట్టుకుని ఎం.జి.ఎం. మైదానమంతా పరుగెత్తాడు. ఇప్పుడు నువ్వు రావద్దు నాయనా, నాకు సింధూర చాలు అంటే ఎట్లుంటుంది?

ఆ కంగారులో ఒక పొరపాటు చేశాను. నాయన కూడా వస్తాడేమో అని సింధూరతో అన్నాను. ఆమె అందులో 'ఏమో' తీసేసి వాళ్ళింట్లో చెప్పింది. రామలింగయ్య మామ వెంటనే ఒప్పుకున్నాడు. నౌషాద్ వెంట ఉంటే ఇంక నాకేం దిగులు అన్నాడంట. సింధూర ఆనందంగా హెల్మెట్ కూడా కొనేసింది. ఇప్పుడు ఆ 'ఏమో' మళ్ళీ ఎలా చేర్చాలో నాకు తెలియడం లేదు.

ఒక్క మంచి వార్త. నిన్న సింధూర బండిని సిమెంటు బస్తాతో సహా లేపాను.

నాయనను మెల్లగా కనుక్కో. నువ్వు మెల్లగా అడగలేవని తెలుసు, అయినా ప్రయత్నించు.

ఆరిఫా

హిందూపురం
7 డిసెంబరు 2024

ఆరిఫాకు,

నేను మెల్లగా అడిగే పని తప్పింది. నీ ఉత్తరం రోజా సంచిలో ఉండగానే రామలింగయ్య మీ నాయనకు ఫోను చేశాడు. నాకు మిషను పెట్టుకున్నా ఆయన మాట వినపడలేదు కానీ, మీ నాయన మొహం కనిపించింది, అది చాలు. మొదట నవ్వు. తర్వాత కనుబొమలు పైకి. ఆ తర్వాత ఎవరో తన పేరు మీద హజ్ టికెట్టు తీశారని తెలిసినవాడిలా నోరు తెరుచుకుని ఉండిపోయాడు. అవును శెట్టీ, సరే శెట్టీ, అంతే కదా శెట్టీ అంటూ ఫోను పెట్టేశాడు. పెట్టేసి నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, నేను యాడికి పోతాండా?" అన్నాడు.

నాకూ అప్పటికి తెలియదు. సాయంత్రం నీ ఉత్తరం వచ్చాక చదివి వినిపించాను. కాదని అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగితే, ఆయప్ప అంత సంబరంగా నా చెయ్యి పట్టుకున్నంత పని చేస్తాంటే యాట్ల కాదనేది అన్నాడు. మీ నాయన సంగతి నీకు తెలుసు. పరుపు ఎత్తుకుని వచ్చి తిరిగి ఇచ్చేస్తానన్నవాళ్ళకే కాదని చెప్పలేడు.

ఇప్పుడు లెక్క చూసుకో. అబద్ధం నువ్వు ఆడలేదు. సింధూర ఆడలేదు. మీ నాయన ఆడలేదు. అందరూ కలిసి ఎవరూ ఆడని అబద్ధం ఒకటి తయారు చేసి పెట్టారు, అది ఇప్పుడు పెనుకొండలో హాయిగా కూర్చుని ఉంది. మీ నాయన రెండు రోజులుగా ఆలోచించి, నోట మాట రాకపోయినా వచ్చినట్టే లెక్క, పోయి రావాల్సిందే అంటున్నాడు. ఇవ్వని మాటకు కట్టుబడిన మనిషిని నేను వీణ్ణొక్కణ్ణే చూశాను. వాడి నడుముకు నొప్పి నూనె రాసేది నేను కాబట్టి, అది జరగదని చెప్పేశాను.

జరగాల్సింది ఇది. ఇరవై రెండో తారీకు నువ్వొచ్చి, సామాను కట్టిన బండిని ఇక్కడినుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం తీసుకుపోతావు కదా. మీ నాయన గూడ్సు ఆటోలో నీ వెనక పెనుకొండ దాకా వస్తాడు. రామలింగయ్యకు ఎదురుగా నిలబడి, నేను రావడం లేదు శెట్టీ అని నోటితో చెబుతాడు. ఫోనులో కాదు. ఆయన వద్దంటే సింధూర ఆగిపోతుంది. ఆమె ఆగితే నిన్ను ఒంటరిగా పంపడం మీ నాయనకే కాదు, నాకూ ఇష్టం లేదు. ఇది నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. తెలిసి రావాలని రాస్తున్నాను.

ఆ రోజు నేను ఇంట్లో ఉండను. పరిగిలో మీ చిన్నమ్మ కూతురికి పేరు పెడుతున్నారు. నేను లేకపోతే ఏదో ఒక సీరియల్ పేరు పెట్టేస్తారు.

నువ్వు బండి చూసి సంతోషిస్తావు. సీటు మీద పాత దుప్పటి కప్పించాను, దుమ్ము పడకూడదని. తీసి చూసుకో.

మీ అవ్వ

ధర్మవరం
23 డిసెంబరు 2024

అవ్వా,

దుప్పటి తీసి చూసుకున్నాను.

సలాం చెప్పడం మరిచిపోయాను, సలాం. ఆ దుప్పటి కింద ఏముందో నాకు ముందే చెప్పి ఉంటే బాగుండేది. నాయన పక్కనే నిలబడి నా మొహం చూస్తున్నాడు. కింద పత్తి, పైన బూరుగుదూది, మధ్యలో మధ్యలో కుట్టు, అంచుల చుట్టూ పెళ్ళి పరుపుకు వేసినట్టు పట్టీ. బండి మీద ఇంకో చిన్న బండి ఎక్కించినట్టుంది. "మీ అవ్వ చెప్పింది, నేనే కుట్టినా. దూది సమంగా కూర్చుండాదా లేదా అని దినామూ ఎక్కి చూసినా" అన్నాడు. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు, ఆయన సాయంత్రాలు బండి మీద కూర్చున్నది ఎందుకో. ఎడారికి రావడానికి కాదవ్వా. పరుపు సరిగ్గా ఉందో లేదో చూడటానికి. నేనేమో అన్నం మానుకుని కూర్చున్నాను.

ఆ మొహం చూశాక నా కాళ్ళు అందవని ఎలా చెప్పను? బాగుంది నాయనా అన్నాను. అంగడి అరుగెక్కి, అరుగు మీంచి బండెక్కి బయల్దేరాను.

నడుస్తున్నంతసేపూ ఏ బాధా లేదు. అంత మెత్తటి సీటు మీద ఇంతవరకు ఎవరూ బండి నడిపి ఉండరు. సోమందేపల్లి దగ్గర గొర్రెలు అడ్డమొచ్చాయి. అదృష్టం కొద్దీ పక్కనే చిన్న వంతెన గోడ దొరికింది, దాని మీద కాలు పెట్టి ఏమీ కానట్టు నిలబడ్డాను. వెనక ఆటోలో నాయన చెయ్యి ఊపాడు.

పెనుకొండలో గోడ దొరకలేదు.

రామలింగయ్య మామ అంగడి ముందే నిలబడి ఉన్నాడు, సింధూర లోపల టీ పోస్తోంది. నేను బ్రేకు వేసి కాలు కిందికి చాపాను. నేల తగల్లేదు. ఇంకా చాపాను. బండి మెల్లగా, చాలా మెల్లగా, ఎవరో నిద్రపోతున్న పిల్లను పక్క మీద వాల్చినట్టు ఎడమపక్కకు పడిపోయింది. నేనూ దాంతోపాటు దొర్లి పక్కన కూర్చున్నాను. దెబ్బ తగల్లేదు, నీ దిండ్ల సంచి మీద పడ్డాను. జనం పరుగెత్తుకొచ్చారు. నాయన ఆటో దిగి వస్తున్నాడు. ఆయన మొహం చూసి నా పని అయిపోయిందనుకున్నాను. జనవరి అయిపోయింది, ఎడారి అయిపోయింది అనుకున్నాను. ఎవరో హ్యాండిలు పట్టుకుని లేపబోయారు.

"ఎవరూ ముట్టుకోవద్దండి. మా నాయన చూడల్ల" అన్నాను.

అందరూ ఆగిపోయారు. నాయన కూడా ఆగిపోయాడు. స్విచ్చి ఆపాను, గేరు వేశాను. సంచులు విప్పలేదు. బండికి వీపు తిప్పి వంగాను. మొదటిసారి కాలు ఇసకలో జారింది, మళ్ళీ కూర్చుండిపోయాను. ఎవరో అయ్యో అన్నారు. మడమలతో ఇసక పక్కకు తోసి, గట్టి నేల చూసుకుని, మళ్ళీ ఆనుకున్నాను. లేచిందవ్వా. బండి లేచింది. నిలబెట్టి స్టాండు వేసి వెనక్కి తిరిగేసరికి సింధూర టీ గ్లాసులు పట్టుకుని ఏడుస్తోంది, ఎందుకో ఆమెకే తెలియదు.

నాయన అప్పుడే చెప్పేశాడు. "శెట్టీ, నేను వీళ్ళ వెంట పోను. పోతానని యా పొద్దూ చెప్పలేదు. ఫోనులో నీకు కాదనలేకపోయినా" అన్నాడు. రామలింగయ్య మామ బండిని చూశాడు, నన్ను చూశాడు, నాయనను పైనుంచి కింది దాకా చూశాడు.

"ఏమప్పా నౌషాదూ, నువ్వు పోయి ఏం చేస్తావు? నువ్వు పడితే నిన్ను కూడా ఆ పాపే లేపల్ల. నువ్వు అంగడి చూసుకో పో" అన్నాడు. నాయన నవ్వాడు. అంత గట్టిగా నవ్వగా నేను చాలా రోజులకు చూశాను. సింధూరను పంపుతున్నాడవ్వా. ఇద్దరికీ ఇనుప సామాన్ల అంగడి నుంచి ఒక్కో చిన్న గొడ్డలి ఇస్తానన్నాడు, ఎందుకో అడగలేదు.

ఆ తర్వాత నాయన నా దగ్గరికొచ్చి, కాళ్ళు అందలేదా అని నెమ్మదిగా అడిగాడు. అందలేదన్నాను. ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, అవ్వకు చెప్పానన్నాను. ఆయన ఒకసారి హిందూపురం దిక్కు చూశాడు, అంతే.

రోడ్డు పక్కన చతికిలబడి, జేబులోంచి దబ్బనం తీసి సీటు కుట్టు విప్పాడు. గుప్పెడు దూది తీశాడు. ఎక్కు అన్నాడు, ఎక్కాను. కాళ్ళు చూసి, దిగమన్నాడు. ఇంకో గుప్పెడు. ఎక్కు. దిగు. ఊరంతా చుట్టూ నిలబడి చూస్తోంది, ఆయనకు అదేమీ పట్టలేదు. పెళ్ళికూతురి చెప్పుల కొలత తీసినట్టు వంగి నా మడమ కింద వేలు పెట్టి చూశాడు. వేలు దూరనప్పుడు ఆపాడు. అక్కడే కూర్చుని మళ్ళీ కుట్టేశాడు. దారం పళ్ళతో తెంపి, నా వైపు చూడకుండానే, "జనవరి రెండో తారీకు ఎండ ఎక్కక ముందే బయల్దేరండి. బళ్ళారి కాడ రోడ్డు పని జరుగుతాంది" అన్నాడు.

సరే అని ఆయన అనలేదవ్వా. అయినా నేను విన్నాను.

ఆరిఫా

హిందూపురం
26 డిసెంబరు 2024

చిరంజీవి ఆరిఫాకు అవ్వ దువాలు.

పరిగి పిల్లకు రహీమా అని పెట్టించాను. సీరియల్ పక్షం ఓడిపోయింది.

నీ ఉత్తరం చదివాను. మీ నాయన చెప్పినదానికీ నువ్వు రాసినదానికీ ఒకచోట తేడా ఉంది. రెండోసారికి లేపానని నువ్వు రాశావు. మీ నాయన చెప్పేది ఒకే ఊపులో లేపావని, చూసినవాళ్ళు చప్పట్లు కొట్టారని. ఇప్పుడు హిందూపురంలో వాడి కథే నడుస్తోంది. నువ్వొచ్చి దాన్ని సరిదిద్దొద్దు. పరుపు కొనడానికి వచ్చినవాళ్ళకు దూది రకం చెప్పడం మానేశాడు. చుట్టి పెట్టిన పరుపుకు వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, పడిన బండిని ఎట్ల లేపాలో చూపిస్తున్నాడు. నిన్న ఒక పెళ్ళివారి ముందు అలా లేచేటప్పుడు నడుం పట్టేసింది. పెళ్ళివారు పరుపూ కొన్నారు, వాడిని కుర్చీలో కూర్చోబెట్టి కూడా పోయారు.

సీటు విషయం. స్పాంజి తీసేయమని నువ్వే అడిగావన్నది నిజమని ఇప్పుడు తేలింది. నేను నమ్మకపోవడానికి కారణం నువ్వు దాన్ని నిజంలా రాయకపోవడం. కాళ్ళు అందవని రాసేటప్పుడు ఎంత అందవో రాయాలి. అయినా జరిగింది చూడు. ఆ సీటు పల్చగా ఉండి ఉంటే నువ్వు పెనుకొండలో హాయిగా కాలు పెట్టి దిగేదానివి. మీ నాయన చూద్దాం చూద్దాం అంటూనే ఉండేవాడు, రామలింగయ్య నిన్ను ఇంకా చిన్నపిల్ల అనే అనుకునేవాడు. దీనికి నాకు ఎవరూ కృతజ్ఞత చెప్పలేదు. నేను ఎదురుచూడటం కూడా లేదు.

ఆ సీటు అంగడివాణ్ణి నేను బజారులో నిలబెట్టి నాలుగు మాటలన్న సంగతి నీకు రాయలేదు. అన్న మాటలు వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. మన అంగడి నుంచి ఒక మంచి దిండు పంపించాను. ఎందుకు పంపానో అర్థం కాక, వాడు రెండు రోజులుగా మన వీధిలోకి రావడం లేదంట.

నువ్వు రాయనిది ఒకటి నేను చెబుతాను. నువ్వు ధర్మవరం రోడ్డెక్కాక మీ నాయన ఆటో తిప్పలేదంట. నీ చారల సంచులు కనపడకుండా పోయేదాకా రోడ్డు మధ్యలోనే ఉన్నాడంట. వెనకనుంచి లారీవాడు హారన్ కొడుతుంటే, "కొట్టనీ శెట్టీ, నా కూతురు పోతాంది" అన్నాడంట. ఇది రామలింగయ్య నాకే ఫోను చేసి చెప్పాడు. పకోడీల చప్పుడు మధ్యలో ఆ ఒక్క ముక్కా స్పష్టంగా వినపడింది.

సరే, ఇప్పుడు పని. పత్తి తడిస్తే బరువెక్కి ఉండలు కట్టేస్తుంది, ఎండ తగిలినా లోపల తేమ పోదు. నాలుగు రోజులు దారిలో మంచు కురుస్తుంది, దానికి తోడు నువ్వు బండిని ఎక్కడపడితే అక్కడ పెడతావు. కాబట్టి సీటుకు రెక్సిన్ కవరు కావాలి. మీ ధర్మవరం రైల్వే స్టేషను బయట ఆటోలకు టాపులు కుట్టేవాళ్ళుంటారు, రోజా చూసిందంట. బండి తీసుకుని శనివారం లోపల పో. సీటు మీద కాసేపు కూర్చుని లేచాక కొలత తియ్యమను, ఖాళీ సీటు కొలిస్తే కవరు వదులైపోతుంది. నలుపు రంగు వద్దు, ఎండకు కాలుతుంది. అడుగున ఎలాస్టిక్ రెండు వరసలు వెయ్యమను. కుట్లు పైకి రాకుండా లోపలి వైపుకు పెట్టమను. అయిపోయాక అక్కడే ఒక చెంబు నీళ్ళు అడిగి దాని మీద పోసి చూడు. లోపలికి దిగితే డబ్బివ్వకుండా, మళ్ళీ కుట్టించుకుని రా.

అవ్వ